ఆసియా పాసంగం

జువ్వలపాడు అడ్డరోడ్డు దగ్గర టిఫిన్ హోటల్ నడిపే మాలకొండమ్మకు ఒక అలవాటు ఉంది. ఎవరి దగ్గర ఏం కొన్నా, కొనేముందు ఖాళీ తక్కెడ పైకెత్తించి పాసంగం చూస్తుంది. ఖాళీ తక్కెడలో ఒక పళ్ళెం కిందికి వాలితే రెండోదాన్లో చిన్న గులకరాయి వేసి సరిచేస్తారు చూడండి, దాన్నే పాసంగం అంటారు. అది చూడకుండా తూచిన సరుకు ఆమె దృష్టిలో సరుకే కాదు. సంతలో టమాటాలమ్మేవాళ్ళు ఆమెను దూరం నుంచి చూడగానే, పోలీసును చూసినట్టు, తక్కెడ పైకెత్తి పట్టుకుని నిలబడేవాళ్ళు.

ఆమెగారి ఈ అలవాటు వల్ల ఆసియా ఖండానికి ఏమైందన్నదే ఈ కథ.

హోటలంటే పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల షెడ్డు. తూర్పు గోడకు ఒక బెంచీ, పడమటి గోడకు ఒక బెంచీ, వెనక పొయ్యి, నడిమధ్యన నేలలో సగం పాతిన రోలు. అసలు ముందు వచ్చింది రోలే. షెడ్డు తర్వాత దాని చుట్టూ లేచింది. ఇరవై రెండేళ్ళ కిందట మాలకొండమ్మ, ఆమె మొగుడు తిరపతయ్య వట్టి చేతులతో ఈ అడ్డరోడ్డుకు చేరినప్పుడు, రాళ్ళు కొట్టేవాళ్ళను బతిమాలి వాగులో నల్లరాయి తొలిపించి ఆమె చేయించుకున్న మొదటి ఆస్తి అది. ఆ రోట్లో నూరిన శనక్కాయల పచ్చడి కోసం లారీ డ్రైవర్లు ముప్పై కిలోమీటర్లు ఆకలి ఆపుకుని వచ్చేవాళ్ళు. 'నా రోలు' అనేటప్పుడు మాలకొండమ్మ గొంతు కొంచెం మెత్తబడేది. తిరపతయ్య సంగతి చెప్పేటప్పుడు అట్లా మెత్తబడిన దాఖలాలు లేవు.

ఇట్లా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి జిల్లా తనకు మాత్రమే చెందిన విశిష్టత ఒకదాన్ని తొంభై రోజుల్లోగా గుర్తించి నివేదిక పంపవలెను. చురుకైన జిల్లాలు జలపాతాలూ, కొయ్యబొమ్మలూ, మామిడిపళ్ళూ రాసి పంపేశాయి. ఈ జిల్లాలో ఉన్నవి రాళ్ళూ, ఎండలూ. రాళ్ళను ఎగువ జిల్లా ముందే రాయించుకుంది. పోనీ ఎండలు రాద్దామంటే దిగువ జిల్లా అప్పటికే ఎండల ఉత్సవం కూడా జరిపేసింది.

ఆ కష్టకాలంలో ఆదుకున్నవారు విశ్వంభరరావు గారు. ఏ శాఖలోనూ ఇమడక, ప్రత్యేకాధికారి అనే హోదాతో ఒక ఖాళీ గదిలో కూర్చుని ఉన్నారాయన. "మన జిల్లాలో ఏమున్నదని వెతుకుట పొరపాటు. మన జిల్లా దేని మధ్యలో ఉన్నదో వెతుకవలెను" అన్నారు మీటింగులో. ఆ మాటలోని లోతు ఎవరికీ అందలేదు గనక అందరూ ఒప్పుకున్నారు. నెల తిరక్కుండా ఆసియా ఖండ కేంద్రబిందు నిర్ధారణ, పరిరక్షణ సంస్థ ఏర్పడింది. విశ్వంభరరావు గారు దానికి డైరెక్టరయ్యారు.

నిర్ధారణకు ఆయన ఎంచుకున్నది ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలోని పద్ధతి. అట్టమీద ఆసియా పటం అతికించి, అంచుల వెంట కత్తిరించి, గుండుసూది మొన మీద నిలబెట్టాలి. ఎక్కడ వాలకుండా నిలబడితే అదే మధ్య.

"కంప్యూటర్లో చేస్తే రెండు నిమిషాల పనండీ" అన్నాడు మండల సర్వేయరు ఖాజావలి.

"కంప్యూటరు చెప్పేది మనం నమ్మవలసి వస్తుంది ఖాజావలీ. గుండుసూది చెప్పేది కళ్ళారా చూడవచ్చు."

గుండుసూది మొన ఎంత సన్నగా ఉండాలో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం తేల్చేలోగా కత్తిరించిన ఆసియా మూడు నెలలపాటు స్టోరు గదిలో గోడకు జారబడి నిలుచుంది. చివరకు మామూలు గుండుసూదే మంజూరైంది. ఆసియాను దాని మీద పెట్టారు. అటు వాలింది, ఇటు వాలింది, ఊగిసలాడి ఆగింది. మొన ఆనినచోట పటం మీద చుక్కలా ఉబ్బింది. అదెక్కడో అని పైనుంచి వంగి చూస్తే, అదృష్టం చూడండి, అది ఈ జిల్లాయే! విశ్వంభరరావు గారి కళ్ళు చెమర్చాయి.

"సార్, ఈ చుక్క పటం మీద ఆవగింజంత ఉంది. నేల మీద అరవై కిలోమీటర్లవుతుంది. ఇందులో ఎక్కడని రాయి పాతేది?" అన్నాడు ఖాజావలి.

"చుక్కకు మధ్య."

చుక్కకు మధ్య వెతుక్కుంటూ జీపు బయల్దేరింది. పొద్దున తొమ్మిదింటికి అది జువ్వలపాడు అడ్డరోడ్డు చేరేసరికి డైరెక్టరు గారికి ఆకలేసింది. మాలకొండమ్మ హోటల్లో పదకొండు ఇడ్లీలు తిన్నారు. పచ్చడి నాలుగుసార్లు వేయించుకున్నారు. చేయి కడుక్కుని, "ఇంతకు మించి ముందుకు వెళ్ళవలసిన అవసరం శాస్త్రానికి కనిపించుట లేదు" అన్నారు. బయట ఎండ మండిపోతోంది గనక సర్వే చేసే ముక్కాలి పీట షెడ్డు లోపలే వేయించి, దారానికి కట్టిన ఇనపగుండును కిందికి వదిలించారు. అది తిన్నగా వెళ్ళి రోట్లో సగం నూరిన పచ్చడిలో మునిగింది.

మాలకొండమ్మ పచ్చడి నూరే బండ ఎత్తబోయింది.

"ఆగమ్మా! కదిలించవద్దు!"

"ఏంది సారూ? పచ్చడి సగంలో ఉంది."

"అది పచ్చడి కాదు. ఆసియా ఖండ కేంద్రబిందువు."

"శనక్కాయలు, పచ్చిమిరగాయలు, చింతపండు సారూ. ఇప్పుడేగదా నా చేత్తో ఏశా."

ఖాజావలి ఆమె మొహం చూడలేక దారం చుట్టుకుంటూ కూర్చున్నాడు.

పదిహేను రోజుల్లో మంత్రిగారు వచ్చారు. షెడ్డు ముందు ఆరడుగుల నున్నటి నల్లరాతి ఫలకం నిలబెట్టి, 'ఆసియా ఇచ్చటనే' అని బంగారు అక్షరాలు చెక్కించారు. "ఇక నుంచి ఆసియాలో ఎవరు ఏ మూలకు బయల్దేరినా, జువ్వలపాడుకు దగ్గరవుతున్నట్టో దూరమవుతున్నట్టో లెక్క" అని మంత్రిగారు ప్రకటిస్తే చప్పట్లు మారుమోగాయి. రోలు చుట్టూ ఎర్రతాడు కట్టారు. బండను తెల్లగుడ్డలో చుట్టి, సీలు వేసి, ఆఫీసుకు పట్టుకుపోయారు. దానికి బదులుగా మాలకొండమ్మకు శాలువా కప్పి, మిక్సీ ఒకటి బహూకరించారు.

మర్నాడు మిక్సీ పచ్చడి తిన్న లారీ డ్రైవరు ఆమె మొహం వంక చూసి, "ఒంట్లో బాలేదా అక్కా?" అన్నాడు. ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. వేరే రోలు తెచ్చుకుంటానని అర్జీ పెట్టుకుంది. ఎనభై కిలోల బరువును కేంద్రంలోకి కొత్తగా చొప్పించుట ఖండ సమతూకానికి భంగకరమని జవాబొచ్చింది.

ఆ జవాబు రాస్తున్నప్పుడే విశ్వంభరరావు గారికి అసలు భయం పట్టుకుంది. ఆసియా నిలబడి ఉన్నది తూకం మీద. తూకం ఏ క్షణాన చెడుతుందో! ఎవరో ఒకడు ఒక మూట ఎత్తుకుని తూర్పుకు నడిచాడనుకోండి. కేంద్రం వాడి వెంట వెళ్ళిపోదూ? రాత్రికి రాత్రే కేంద్రం పక్క మండలానికి పోతే తమ సంస్థ గతేమిటి? అడ్డరోడ్డు చుట్టూ అరకిలోమీటరు మేరను నిశ్చల మండలంగా ప్రకటిస్తూ నిబంధన జారీ చేశారు.

'సదరు మండలమునందు ఏ వ్యక్తియైనను తూర్పు దిశగా ఎంత బరువు తరలించునో, అంతే బరువు పడమర దిశగా ఏకకాలమున తరలింపబడవలెను.'

అమలుకు ఇద్దరు పర్యవేక్షకులు వచ్చారు. పత్తి బేళ్ళు తూచే పెద్ద కాటా ఒకటి తెచ్చి హోటల్ గుమ్మంలో వేలాడదీశారు. దానికి రెండు పళ్ళేలు, ఒక్కో పళ్ళెంలో మనిషి పట్టేంత. అటువైపు తూకపురాళ్ళు, ఇటువైపు తినడానికొచ్చినవాడు. బరువు రిజిస్టరులో రాసుకున్నాకే లోపలికి పంపేవాళ్ళు. తూర్పు బెంచీ మీద తొంభై కిలోల డ్రైవరు కూర్చుంటే పడమటి బెంచీ మీద తొంభై కిలోలు కూర్చోవాలి. అటువైపు మనిషి దొరక్కపోతే తిరపతయ్య కూర్చోవాలి, ఒళ్ళో గుమ్మడికాయ పెట్టుకుని. ఇరవై రెండేళ్ళలో ఆ మనిషిని ఒకచోట కూర్చోమన్నవాళ్ళు లేరు. ఇప్పుడు సర్కారే కూర్చోబెట్టింది గదా అని మొదట్లో ఆయన సంబరపడ్డాడు.

ఆ సంబరం ఒక్క పూటే. మధ్యాహ్నం పర్యవేక్షకుడు ఒక డ్రైవరును తిన్న తర్వాత కూడా తూచాడు. ముక్కాలు కిలో పెరిగాడు.

"తూర్పున ముక్కాలు కిలో అదనంగా చేరినది. కావున పడమరన కూడా తినవలెను" అన్నాడు.

ఆ రోజు నుంచి తూర్పున ఎవరు ఎంత తింటే పడమరన తిరపతయ్య అంత తినాల్సి వచ్చింది. మూడో రోజుకు ఆయన ఇడ్లీ పేరెత్తితే కళ్ళు తేలేసే స్థితికొచ్చాడు. "మేయ్, నేను ఆసియాను మొయ్యలేనే" అని గోడకు జారబడిపోయాడు.

రోడ్డు మీద సంగతి ఇంకా ఘోరం. రెండొందల గొర్రెలతో తూర్పుకు పోయే కాపరిని ఆపి, పడమరకు పోయే రెండొందల గొర్రెలొచ్చేదాకా కదలొద్దన్నారు. రెండు రోజులు చూశాడు. మూడో రోజు గొర్రెలన్నిటినీ మళ్ళించుకుని పడమరకే పోబోతే, తూర్పుకు పోయేవి ఏవని అడిగారు. పెళ్ళివారి ట్రాక్టరు ముహూర్తం దాటేదాకా ఆగిపోయింది. ఎదురుగా పెళ్ళికూతురంత బరువు ఏదీ రాక.

విశ్వంభరరావు గారు మాత్రం రోజూ సాయంత్రం ఆఫీసులో ఆసియా ముందు నిలబడి, వాలలేదని చూసుకుని, తృప్తిగా ఇంటికి వెళ్ళేవారు. ఆయన దుర్మార్గుడేమీ కాడు. చేతికందిన ఒక్క పనినీ ప్రాణంపెట్టి చేసే మనిషి. అట్లాంటివాళ్ళతోనే కష్టం.

డ్రైవర్లు రావడం మానేశారు. రోజుకు నాలుగు వాయిల ఇడ్లీలు పోయేచోట ఒక వాయి కూడా పోవడం లేదు. ఒకనాడు పొయ్యి ముందు కూర్చుని తిరపతయ్య మెల్లగా కదిపాడు. "ఒంగోల్లో నాకు వరసకు బామ్మర్దయ్యేవాడి హోటల్లో వంటమనిషి కావాలంట. ఈ నెలాఖరుకు ఇది మూసేసి పోదామా?"

"ఇరవై రెండేళ్ళు నా రోటికాడ నేను నిలబడి, ఇప్పుడు ఒకళ్ళ కింద పప్పులు రుబ్బటానికా?" అంది మాలకొండమ్మ. అనేసి, తాడు అవతల ఉన్న రోలు వంక చూసింది. దాన్లో దుమ్ము పట్టి ఉంది. తల్లి చచ్చిపోయిననాడు కూడా దాన్లో దుమ్ము పట్టనివ్వలేదామె. గబగబా చీర మార్చుకుని బస్సెక్కింది.

సంస్థ ఆఫీసు జిల్లా కేంద్రంలో ఒక పాత బంగళా. మధ్య హాల్లో బల్ల మీద అద్దాల పెట్టె, పెట్టెలో గుండుసూది, సూది మీద ఆసియా. ఊపిరి తగిలితే కదులుతుందని ఫ్యాన్లు కూడా వేయరు. అర్జీదారులు కూర్చోవడానికి కుర్చీలు లేవు. ఉన్న నాలుగూ అధికారులవి. అటెండరు నాసరయ్య ఆమెను చూసి, "రా చెల్లెమ్మా, సారు మీటింగులో ఉన్నారు. ఇట్టా కింద కూర్చో" అన్నాడు. నాసరయ్యకు ఆమె ఎప్పట్నుంచో ఎరుక. జీతం అందిన రోజు పచ్చడి పొట్లం కట్టించుకుని పోయే మనిషి.

ఆమె గచ్చు మీద, అద్దాల పెట్టె పక్కన కూర్చుంది. ఆ హాల్లో అంతవరకూ గచ్చు మీద ఎవరూ కూర్చోలేదు. వచ్చినవాళ్ళంతా నిలబడి ఆసియాను పైనుంచి చూసినవాళ్ళే. మాలకొండమ్మ కిందనుంచి చూసింది.

ఆసియా అడుగున, దక్షిణపు కొసన, నిమ్మకాయంత మట్టిముద్ద అతుక్కుని ఉంది. నున్నగా, గుండ్రంగా, ఓ పక్క చిన్న కన్నంతో. కుమ్మరి పురుగు కట్టిన గూడు.

డైరెక్టరు గారు మీటింగు ముగించుకుని రాగానే ఆమె లేచి నిలబడింది. "సారూ, దీన్ని తూచేముందు పాసంగం చూశారా?"

"ఏమిటీ?"

"పాసంగం సారూ. అటు ఎక్కువుందా, ఇటు ఎక్కువుందా అని చూసుకోకుండా సంతలో వంకాయలు కూడా ఎవరూ తూచరు. మీరేమో ఇంత పెద్ద ఆసియాను తూచారు. కింద చూడండి, మట్టిగడ్డ!"

విశ్వంభరరావు గారు వంగారు. నడుము సహకరించక మోకాళ్ళ మీద కూర్చున్నారు. చాలాసేపు లేవలేదు. ఖాజావలిని పిలిపించారు. ఖాజావలి గచ్చు మీద బోర్లా పడుకుని చూసి, "స్టోరు గదిలో మూడు నెలలుంది గద సార్. అప్పుడు కట్టుంటుంది. దీని బరువుకు ఆసియా మన వైపు వాలింది" అన్నాడు.

"నాసరయ్యా! ఇది నీవు చూడలేదా?"

"చూశానండయ్యా. కట్టేటప్పుడే చూశా."

"మరి దులపలేదేం?"

"ఎట్టా దులుపుతానయ్యా? కుమ్మరి పురుగు గూడు కట్టిందంటే కాన్పు సూచన. నేను రోజంతా మసిలే చోటు గదా. నా కోడలికి పెళ్ళయి ఆరేళ్ళు. గూడు కట్టిన నెలకే నీళ్ళోసుకుంది. ఇప్పుడు ఎనిమిదో నెల. కాన్పయ్యేదాకా దాని మీద చెయ్యి పడనియ్యను. మీరు నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా సరే."

గోడ పక్కన చీపురుంది. అద్దం తలుపుకు తాళం లేదు. మాలకొండమ్మ చెయ్యి చాపితే గూడు రాలుతుంది, ఆసియా పక్కకు పడుతుంది, రోలు ఇంటికొస్తుంది. ఆమె చీపురు వంక చూసింది, నాసరయ్య మొహం వంక చూసింది. ఆరేళ్ళు అనే మాట ఆమె గుండెకు గుచ్చుకుంది. తను పదకొండేళ్ళు ఎదురుచూసి మానుకున్న మనిషి. ఆ రోలు తప్ప ఆమె ఒడిలోకి ఇంకేదీ రాలేదు.

"ఏం పేరన్నా నీ కోడలిది?"

"కోటేశ్వరి. నీ పచ్చడంటే ప్రాణం. ఈ నెల్లో నోటికి ఏదీ సయించక అదే అడుగుతుంది. మొన్న నీ కొట్టుకాడ మిక్సీ పచ్చడి పట్టుకుపోతే, ఇది మాలకొండమ్మత్త పచ్చడి కాదని ముద్ద పక్కన పెట్టేసింది."

"కాన్పు కానీ. ఆగుతాన్లే" అంది మాలకొండమ్మ. గబగబా బయటికొచ్చేసింది.

ఇంటికెళ్ళి సంగతి చెబితే తిరపతయ్య ఏమంటాడోనని బస్సులో దారి పొడుగునా తల్లడిల్లింది. అంతా విని ఆయన, "మంచిపని చేశావు మేయ్. ఇంకో నెల తింటాలే" అన్నాడు. ఇంతకాలానికి మొదటిసారి, మొగుణ్ణి గురించి కూడా ఆమె గొంతు మెత్తబడింది.

ఇక సంస్థ సంగతి. గూడు విషయం దాచడానికి వీల్లేదని ఖాజావలి కాగితం మీద రాసిచ్చాడు. దాని మీద ఉన్నతస్థాయి సంఘం కూర్చుంది. గూడు ఆసియాలో భాగమా కాదా అన్నది ప్రశ్న. కాదంటే ఫలకం అబద్ధం, శాలువా అబద్ధం, మంత్రిగారి ఉపన్యాసం అబద్ధం. సంఘం ఏడుసార్లు సమావేశమై ఇట్లా తేల్చింది. 'సదరు గూడు పటమునకు వెనుక వైపున ఉన్నది. వెనుక వైపు ఏ ఖండము ఉండునో పటములో చూపబడలేదు. ప్రసవము వరకు యథాతథ స్థితి కొనసాగింపవలెను.' ప్రసవపు తేదీని ముందుగా తెలియపర్చవలెనని నాసరయ్యకు మెమో కూడా ఇచ్చారు. "నాకెట్టా తెలుస్తదయ్యా?" అన్నాడతను. మరో మెమో ఇచ్చారు.

ఆ నెలంతా ఆసియా ఖండం కోటేశ్వరి నొప్పుల కోసం ఎదురుచూసింది. ఆఫీసులో ఫోను మోగితే డైరెక్టరు గారితో సహా అందరూ ఉలిక్కిపడేవాళ్ళు.

ఒక సోమవారం పొద్దున పదిన్నరకు నాసరయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో చక్కెర పొట్లం. "మగపిల్లోడయ్యా! తల్లీ బిడ్డా కులాసా!" అని ముందు డైరెక్టరు గారి నోట్లో చక్కెర పోశాడు. తర్వాత తనే చీపురు తీసుకుని, అద్దం తలుపు తెరిచి, గూటికి దణ్ణం పెట్టుకుని, చీపురు కొసతో మెల్లగా తట్టాడు. గూడు రాలింది. పురుగులు అందులోంచి ఎప్పుడో ఎగిరిపోయాయి. పది గంటల నలభై నిమిషాలకు ఆసియా ఖండం ఉత్తరం వైపు ఒరిగి, సూది మీంచి జారి, పెట్టె అడుగున పడింది.

దాన్ని తీసి మళ్ళీ సూది మీద నిలబెడితే మొన ఎక్కడో, పేరు పలకడానికి కూడా వీల్లేని ఎడారిలో ఆనింది. ఈ జిల్లాకు జీపులో వెళ్ళిరాగల దూరం కాదు.

విశ్వంభరరావు గారు తలుపేసుకుని గంటసేపు కూర్చున్నారు. తలుపు తీసేసరికి మొహం వెలిగిపోతోంది. విలేకరులను పిలిపించారు.

"ఖండాలు కదులుతాయని శాస్త్రం ఎప్పటినుంచో చెబుతున్నది. అయితే కదులుతుండగా చూసినవారు లేరు. ఈ రోజు ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఆసియా కదిలింది. చూసినవారు మన జిల్లావారు. ఇంతటి విశిష్టత మరే జిల్లాకు ఉన్నదో చెప్పండి!"

చప్పట్లు మారుమోగాయి. సంస్థ పేరు మారింది. ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఖాజావలి మాత్రం బెంచీలు, బరువులు, గొర్రెలు అన్నీ మళ్ళీ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు కదుపుకోవచ్చునని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, తనే స్వయంగా జువ్వలపాడు వచ్చి ఎర్రతాడు విప్పాడు. బండకు సీలు తీసి మాలకొండమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని గుండెకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఖాజావలి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

రోలు మూడుసార్లు కడిగింది. శనక్కాయలు వేయించింది. బండ రాతికి తగిలిన చప్పుడు అడ్డరోడ్డంతా వినిపించింది. దాటి వెళ్ళిపోతున్న లారీ ఒకటి ఆగి, వెనక్కి వచ్చింది.

మంత్రిగారి నల్లరాతి ఫలకాన్ని తీసుకుపోవడానికి ఎవరికీ ఉత్తర్వులు లేవు. తిరపతయ్య మనుషులను పిలిచి దాన్ని పడుకోబెట్టి, కింద నాలుగు రాళ్ళు పెట్టాడు. బల్లగా బాగా కుదిరింది. నిలబడి తినేవాళ్ళు ఆసియా మీదే ప్లేట్లు పెట్టుకుంటున్నారు.

బాలింతకు పచ్చళ్ళు పనికిరావు గనక కోటేశ్వరి పథ్యం అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. మూడో నెలలో నాసరయ్య కోడల్ని, మనవణ్ణి ఆటోలో తీసుకొచ్చాడు. ఆ పిల్ల తూర్పు బెంచీ మీద కూర్చుని, మొదటి ముద్ద పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకుని, "ఇదీ అత్తా పచ్చడంటే" అంది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. కారం వల్ల కావచ్చు, కాకపోవచ్చు.

పిల్లవాడు మాలకొండమ్మ ఒళ్ళో ఉన్నాడు. సర్కారు వాళ్ళు వదిలేసిపోయిన పెద్ద కాటా గుమ్మంలో ఇంకా వేలాడుతూనే ఉంది. ఏమనిపించిందో ఏమో, ఆమె లేచి ముందు ఖాళీ పళ్ళేలు రెండూ చూసింది. ఎడమది పిసరంత కిందికుంది. ఒక శనగ్గింజ తీసి కుడిదాన్లో వేసింది. రెండూ సరితూగాయి. ఒక పళ్ళెంలో మెత్తగా చీర పరిచి, రెండోదాన్లోనూ అంతే బరువున్న చీర వేసి, పిల్లవాణ్ణి పడుకోబెట్టింది. అటువైపు ఒక్కొక్క తూకపురాయే పెడుతూ వచ్చింది.

పడమటి బెంచీ మీద పదకొండో ఇడ్లీలో ఉన్న విశ్వంభరరావు గారు అలవాటు కొద్దీ జేబులోంచి కలం తీశారు. "ఎంత వచ్చిందమ్మా?"

మాలకొండమ్మ రాళ్ళ వంక చూసి, పిల్లవాడి మొహం చూసి, గబుక్కున వాణ్ణి ఎత్తుకుని కొంగు కప్పేసింది.

"పసిబిడ్డ బరువు పైకి చెప్పకూడదు సారూ. దిష్టి తగుల్తుంది."

ఆయన కలం జేబులో పెట్టుకుని, ఇంకాస్త పచ్చడి వేయమన్నారు.